యాభై రెండు వేలు అని రాసిన చెయ్యి

మా వీధి చివరింట్లో ఉండే అమ్మాయి ఒకతె ఈ మధ్య పరీక్షలు పాసై, ఇన్‌కం ట్యాక్స్ ప్రాక్టీసు పెట్టుకుంటానంటూ సలహాకి వచ్చింది. ముప్పై ఏళ్ళు చేశారు కదా అంకుల్, ఏం నేర్చుకున్నారో చెప్పండి అంది. నేను గొంతు సవరించుకుని సెక్షన్లతో మొదలుపెట్టాను. "అవి పుస్తకంలో ఉన్నాయి అంకుల్. పుస్తకంలో లేనివి చెప్పండి" అంది. ఆ రోజుకి కాఫీ ఇచ్చి పంపేశాను. పుస్తకంలో లేనిది చెప్పాలంటే నా కుళ్ళు గురించి చెప్పాలి. మనవరాలి వయసు పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని అది చెప్పడానికి నాకు నోరు రాలేదు. అందుకే రాస్తున్నాను. చదువుకుంటే చదువుకుంటుంది.

నేను ఆడిటర్ని కాను

ఇది ముందే చెప్పుకోవాలి. సీఏ ఫైనల్లో ఒక గ్రూపు తప్పి, మళ్ళీ రాసి, మళ్ళీ తప్పి, చివరికి ట్యాక్స్ ప్రాక్టీషనర్ అని బోర్డు పెట్టుకున్నవాణ్ణి. నా దగ్గరికి వచ్చేవాళ్ళు "ఆడిటర్ గారూ" అనే పిలిచేవారు. నేను కాదనేవాణ్ణి కాదు. కాదనకపోవడంలో ఒక సుఖం ఉండేది, అది కూడా ఒప్పుకుంటున్నాను.

నాతో పాటు విజయవాడలో ఒకే ఆడిటర్ గారి దగ్గర ఆర్టికల్స్ చేసినవాడు వేణుగోపాల్. ఒకే గదిలో అద్దెకున్నాం, ఒకే మెస్సులో తిన్నాం, ఒకే నోట్సు చదివాం. నోట్సు నాది. వాడు మొదటిసారే పాసయ్యాడు. రిజల్ట్సు వచ్చిన రోజు వాడు నా భుజం మీద చెయ్యేసి "వచ్చేసారి నీదేరా" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. నాకు మాత్రం ఆ చెయ్యి విదిలించుకోవాలనిపించింది.

ఎనభైల మధ్యలో నేను హైదరాబాదు వచ్చి యూసుఫ్‌గూడలో ఒక మేడ మీద గది తీసుకున్నాను. సినిమావాళ్ళు మద్రాసు నుంచి ఒక్కొక్కరే తరలి వస్తున్న రోజులు. ముందుగా వచ్చింది చిన్నవాళ్ళు. మేకప్‌వాళ్ళు, కాస్ట్యూమర్లు, ఫైటర్లు, డాన్సర్లు, డబ్బింగ్ చెప్పేవాళ్ళు. కిందివాళ్ళు వచ్చారు కదా, రేపు పైవాళ్ళు కూడా వస్తారు, అప్పటికి నేనిక్కడ పాతుకుపోయి ఉంటానని లెక్క వేసుకున్నాను. పైవాళ్ళు వచ్చారు. వాళ్ళతో పాటే మూడేళ్ళ తర్వాత వేణుగోపాల్ కూడా వచ్చాడు. యూసుఫ్‌గూడలో ఆగలేదు. తిన్నగా జూబ్లీ హిల్స్ ఎక్కి కూర్చున్నాడు. హీరోలు, నిర్మాతలు, డిస్ట్రిబ్యూటర్లు అంతా వాడి పార్టీలే. మా భాషలో కక్షిదారుని పార్టీ అంటాం.

ఊరు కనిపెట్టింది నేను, కాపురం పెట్టింది వాడు. వాడి మొదటి కారు తెల్లది, రెండోది ముదురు నీలం. ఒకసారి మా ఆవిడ అడిగింది. "మన స్కూటరు నంబరు అడిగితే తడుముకుంటారు. వేణుగోపాల్ గారి రెండు కార్ల నంబర్లూ ఎలా గుర్తున్నాయండీ మీకు?" నేను పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

మా ఆడిటర్ గారు, విజయవాడలో మాకు పని నేర్పిన పెద్దాయన, ఎప్పుడూ ఒక మాట అనేవారు. "పార్టీ చెప్పేది పూర్తయ్యేదాకా పెన్ను మూత తియ్యొద్దురా. మూత తీశావంటే నువ్వు వినడం మానేశావన్నమాట." ఆయన నిజంగానే మూత పెట్టిన పెన్ను బల్ల మీద పెట్టుకుని, చేతులు కట్టుకుని వినేవారు. వేణుగోపాల్ కూడా అలాగే వినేవాడు. నాకు అది నాటకంలా కనిపించేది.

మా వాళ్ళ డబ్బు

కొత్తగా వచ్చేవాళ్ళకి పనికొస్తుంది కాబట్టి సినిమా చిన్నవాళ్ళ డబ్బు గురించి కొంచెం చెప్పాలి. నెల జీతం లేదు. మూడు నెలలు ఊపిరాడని పని ఉంటుంది, తర్వాత రెండు నెలలు ఫోను మోగదు. పని ఉన్న నెలలో వచ్చిందే ప్రతి నెలా వస్తుందని అనుకుంటారు. నేను చూసిన అప్పుల్లో సగం అలా పుట్టినవే. ప్రకటించిన సినిమాలు లెక్కపెట్టుకుని నెలనెలా వాయిదాలు ఒప్పుకుంటారు. ప్రకటించిన సినిమాల్లో ఎన్ని మొదలవుతాయో, మొదలైనవాటిలో ఎన్ని పూర్తవుతాయో వాళ్ళకి నాకన్నా బాగా తెలుసు. అయినా తమ సినిమా ఆగదనే నమ్మకం. నేను చెప్పేది ఒకటే ఉండేది. పోయిన ఏడాది అన్నిటికన్నా తక్కువ వచ్చిన నెల ఏదో చూసుకో, ఆ నెలలో కట్టగలిగిన వాయిదాకే సంతకం పెట్టు. బీమా ప్రీమియం మాత్రం నెలనెలా వద్దు, చేతిలో ఉన్నప్పుడు ఏడాదికి ఒకేసారి కట్టెయ్యి.

ఇంకో జబ్బు, హామీ సంతకాలు. షూటింగులో షాటుకీ షాటుకీ మధ్య ఖాళీలో తోటివాడు కాగితం పట్టుకొస్తాడు. మొహం నిండా మేకప్పుతో, కళ్ళజోడు కూడా లేకుండా, "ఎక్కడ పెట్టాలి?" అని అడిగి సంతకం పెట్టేస్తారు. ఆ ఒక్క అలవాటు వల్ల బ్యాంకు నోటీసులు అందుకున్నవాళ్ళు నా ఫైళ్ళలో డజనుకి తక్కువ లేరు.

ఇక ముఖ్యమైనది. డబ్బు సగం చెక్కుగా వస్తుంది, సగం చేతికి వస్తుంది. ఓచరు మీద రాసే అంకె ఒకటి, చేతిలో పడే అంకె ఒకటి. పన్ను రిటర్ను వేయనివాడికి ఓచరు మీద ఎంత రాస్తే ఏంటి? ఎవ్వరూ అడగరు, వీళ్ళూ పట్టించుకోరు. ఏదో ఒక రోజు ఇల్లు కొనాలనిపిస్తుంది. అప్పుడు బ్యాంకువాళ్ళు మూడేళ్ళ రిటర్నులు అడుగుతారు. అప్పుడు మా మేడ మెట్లెక్కుతారు.

సుగుణమ్మ

తొంభైల మొదట్లో ఒక మార్చి నెల. మాకు మార్చి అంటే ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. మధ్యాహ్నం ఎండలో ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. ముప్పై అయిదేళ్ళు ఉంటాయి. నేత చీర, చేతిలో ప్లాస్టిక్ బుట్ట.

"నమస్తే సారూ. నా పేరు సుగుణ. డబ్బింగ్ జెప్తా. మాది గీడ్నే, యూసుఫ్‌గూడల కిరాయికుంటం."

ఎవరెవరికి చెప్పారని అడిగితే ఆవిడ పేర్లు చెప్పింది. నేను కుర్చీలో కొంచెం ముందుకి జరిగాను. ఆ ఏడాది వచ్చిన పెద్ద సినిమాల్లో సగం మంది హీరోయిన్ల గొంతు ఈవిడదే. సినిమా హాలులో "ఏమండీ, మీరు నన్ను అర్థం చేసుకోలేదండీ" అని చక్కగా పలికిన గొంతు, నా బల్ల ముందు కూర్చుని "ఏం జేయాలె సారూ" అంటోంది. ఆవిడకి పదో తరగతి తప్పింది. భర్త ఆటో నడుపుతాడు.

మధురానగర్‌లో రెండు పడక గదుల ఫ్లాటు ఒకటి కుదిరింది. మూడు లక్షలు. లక్ష ఆవిడ దగ్గర ఉంది. రెండు లక్షలు అప్పు కావాలి. పది వేలు బయానా ఇచ్చేసింది. ఓనరు జూన్ ఆఖరుదాకా ఆగుతానన్నాడు.

"అద్దె ఇల్లు బాగాలేదా? అంత తొందరేంటి?" అని అడిగాను.

ఆవిడ కొంచెం నవ్వింది. "ఏడ్సుడు నా పని సారూ. పొద్దుగాల లేచి ఏడుస్త, తిడ్త, మొత్తుకుంట. ఇంట్లనే ప్రాక్టీస్ జేయాలె గద. పక్కోళ్ళు మా ఆయన కొడ్తుండనుకుంటరు. పాపం ఆయన నోట్లె నాలికె లేనోడు. ఒక ఓనరైతే పోలీసులను పిల్చిండు. నాలుగేండ్లల్ల మూడు ఇండ్లు మారినం. ఇప్పుడున్న ఓనరు సుత ఖాళీ చెయ్యుమంటుండు. నా ఇంట్ల నేను ఏడ్చుకోవాలె, ఎవ్వరు తలుపు కొట్టొద్దు. గందుకు సారూ ఇల్లు."

నాకు నవ్వొచ్చింది, జాలి కూడా వేసింది. అంతవరకు బాగానే ఉంది. పెన్ను మూత ఇంకా తియ్యలేదు.

"డబ్బింగ్ థియేటర్ల వేణుగోపాల్ సారు కలిసిండ్రు. ప్రొడ్యూసర్ తోని వచ్చిండ్రు. ఆ సార్ని అడిగితే ఏమన్నరంటే..."

"ఆయనేమన్నాడో నాకు చెప్పక్కర్లేదు" అన్నాను. పెన్ను మూత తీశాను. "పన్ను ఎంత పడుతుందన్నాడు? అది చెప్పు."

ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. "మొత్తం ఉన్నది ఉన్నట్టు రాస్తే మూడేండ్లది గలిపి, వడ్డీ తోని యాభై వేల దాకా అయితదన్నరు. బంగారం అమ్మైనా కట్టమన్నరు. ఇంకొకటి గూడ..."

"కట్టమంటాడు. కొండ మీద కూర్చున్నవాడికి యాభై వేలు ఓ లెక్కా?" అన్నాను.

చట్టం ప్రకారం పని కుదిరేదే. పాత రెండేళ్ళ రిటర్నులు ఆ మార్చి ముప్పై ఒకటిలోగా ఆలస్యంగానైనా వేసుకోవచ్చు. తేదీ దాటితే అందులో ఒక ఏడాది శాశ్వతంగా మూసుకుపోతుంది. మూడోది ఏప్రిల్‌లో వేస్తే చాలు. ఆవిడ బుట్టలోంచి ఒక స్కూలు నోటుపుస్తకం తీసింది. ప్రతి సినిమా, ప్రతి రోజు, చెక్కు ఎంత, చేతికి ఎంత, అంతా గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. కూడి చూశాను. మొదటి ఏడాది డెబ్బై వేలు, రెండో ఏడాది ఎనభై, మూడో ఏడాది తొంభై రెండు.

నేను చేసిన పని చెబుతాను. చేతికి వచ్చిన డబ్బు చాలావరకు వదిలేశాను. ఆటో ఖర్చు, గొంతుకి వైద్యం, మందులు, తేనె అంటూ ఖర్చులు పెంచాను. మూడేళ్ళకీ కలిపి పన్ను పదిహేను వేల పైచిలుకు తేల్చాను. కాగితం ఆవిడ ముందుకు తోసి, "యాభై అన్నాడు కదా మీ జూబ్లీ హిల్స్ ఆడిటరు. ఇదీ" అన్నాను. ఆవిడ మొహం విప్పారింది. నేను వేణుగోపాల్ భుజం మీద చెయ్యేసి "వచ్చేసారి నీదేరా" అన్నంత హాయిగా అనిపించింది.

నేను చేసింది పన్ను ఎగ్గొట్టడం. అప్పట్లో అందరూ చేసేవారని ఇప్పుడు చెప్పుకోను. అందరూ చేసేవారు కానీ, అందరూ ఇల్లు కొనబోయే మనిషికి చెయ్యలేదు. ఏప్రిల్ ఆఖరుకి మూడు రిటర్నులూ పట్టుకుని ఆవిడ లోను అర్జీ పెట్టింది. జూన్‌లో జవాబు వచ్చింది. మీరు చూపించిన ఆదాయానికి లక్షా పది వేల కంటే ఎక్కువ ఇవ్వలేమని రాశారు. మూడో ఏడాదికి నేను చూపించిన ఆదాయం యాభై రెండు వేలు.

ఇది చదివే పిల్లలకి అర్థమై ఉంటుంది. పన్ను కోసం ఆదాయం తగ్గిస్తే, అప్పు అడిగే రోజున కూడా అదే ఆదాయం మిగులుతుంది. నాకు ఇది తెలియదా? తెలుసు. అంతకు ముందు పదిమందికి నేనే చెప్పాను. ఆ రోజు వేణుగోపాల్ పేరు వినపడగానే నాకు తెలిసినదంతా ఎటో పోయింది.

కొండ మీద

ఆవిడ ఏడుస్తూ వస్తుందనుకున్నాను. ఏడవలేదు. కాగితం బల్ల మీద పెట్టి, "ఇప్పుడేం జేద్దాం సారూ" అంది. నాకు ఇంక దారి లేదు. స్కూటరు తీసుకుని, ఎప్పుడూ వెళ్ళని చోటికి వెళ్ళాను.

వేణుగోపాల్ ఆఫీసు వాళ్ళింట్లోనే కింది అంతస్తు. గేటు దగ్గర డ్రైవరు నీలం కారు తుడుస్తున్నాడు. నేలంతా చలువరాయి. కూలరు కాదు, ఏసీ. గోడ మీద మా విజయవాడ ఆడిటర్ గారి ఫోటో, దండ వేసి ఉంది. ఆయన ఫోటో పెట్టుకోవాలని నాకు తట్టలేదు. అది చూసి కూడా ఒళ్ళు మండింది. నిర్మాత ఒకాయన లోపల ఉంటే అరగంట కూర్చోబెట్టారు. ఆ అరగంటా సోఫాలో దిగబడి, ఆ సోఫా ఖరీదు ఎంతుంటుందో లెక్కేసుకున్నాను.

"ఏరా రామ్మూర్తీ, ఇన్నాళ్ళకి దారి తెలిసిందా?" అంటూ లేచి వచ్చాడు.

విషయం చెప్పాను. రిటర్నులు తీసుకుని చూశాడు. 

"సవరించి వేద్దామా?" అన్నాను.

"ఆలస్యంగా వేసిన పాత రెండిటినీ సవరించడానికి లేదు కదరా. మూడోది ఒక్కటే సవరిస్తే బ్యాంకువాళ్ళు నమ్మరు. నీకు తెలీదా?"

"తెలుసు. ఏమైనా దారి ఉందేమోనని."

"లేదు." కాగితాలు జాగ్రత్తగా మడిచి నా చేతిలో పెట్టాడు. "ఇలా ఎందుకు చేశావురా? నీ దగ్గరికని నేనే కదా పంపించాను."

నేను వాడి మొహంలోకి చూశాను.

"ఆవిడ చెప్పలేదా? నా ఫీజు ఆవిడకి బరువవుతుంది. పైగా చిన్నవాళ్ళ లెక్కలు నాకేం తెలుసు, చెక్కులు తప్ప నేను చూసిందేముంది? యూసుఫ్‌గూడలో రామ్మూర్తి అని ఉన్నాడు, నేను పాసైంది అతని నోట్సు చదివే, అతను చెప్పినట్టు చెయ్యండి అన్నాను. ఇప్పటిదాకా ఏడెనిమిది మందిని పంపించి ఉంటాను నీ దగ్గరికి."

"ఇంకొకటి గూడ" అని ఆవిడ చెప్పబోయింది అదన్నమాట. నేను వినలేదు. వాడు కాఫీ తెప్పించాడు. వెండి గ్లాసు. తాగకుండా లేచి వచ్చేశాను. ఇక్కడ నేను సిగ్గుపడ్డానని రాయాలని నాకూ ఉంది. సిగ్గు తర్వాత వచ్చింది. మెట్లు దిగుతున్నప్పుడు నాకు వచ్చింది కోపం. ఇంత ఆస్తి ఉండగా మంచితనం కూడా వాడికే కావాలా అనిపించింది.

జూన్ ఆఖరుకి ఫ్లాటు వేరేవాళ్ళకి వెళ్ళిపోయింది. బయానా పది వేలు తిరిగి రాలేదు. సుగుణమ్మ మళ్ళీ సామాను సర్దుకుంది.

ఆఖరి రీలు

ఆవిడ నన్ను వదిలి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. మళ్ళీ మూడేళ్ళ రిటర్నులు, ఈసారి ఉన్నది ఉన్నట్టు వేద్దామని నేనే అన్నాను. ఫీజు వద్దన్నాను. "ఫీజు తీస్కోరి. అప్పుడు గట్టిగ అడుగొస్తది" అంది.

ఉన్నది ఉన్నట్టు వేయాలంటే ఉన్నదంతా ఓచరు మీదకి రావాలి. అది ఎలాగో ఆవిడే కనిపెట్టింది. సినిమావాళ్ళలో ఒక పద్ధతి ఉంది. బాకీ డబ్బు డబ్బింగుకి ముందే వసూలు చేసుకోవాలి. గొంతు ఇచ్చేశాక ఫోను ఎత్తేవాడు ఉండడు. ఒక్క సినిమా కోసం ఆఫీసు తెరుస్తారు, అది ఆడకపోతే వారం తిరిగేసరికి బోర్డు ఉండదు. అందుకని పెద్దవాళ్ళు కూడా డబ్బు చేతికొచ్చేదాకా ఆఖరి రీలుకి గొంతు ఇవ్వకుండా ఆపుతారు. సుగుణమ్మ డబ్బు కోసం కాక కాగితం కోసం ఆపడం మొదలుపెట్టింది.

ఒకరోజు నన్ను కూడా ఫిల్మ్ నగర్‌లో డబ్బింగ్ థియేటరుకి తీసుకెళ్ళింది. అద్దం వెనక గదిలో కూర్చున్నాను. తెర మీద హీరోయిన్ ఆసుపత్రిలో మొగుడి కాళ్ళ మీద పడి ఏడుస్తోంది. సుగుణమ్మ మైకు ముందు నిలబడి, ఆ పెదవుల్నే చూస్తూ, చేతులు కూడా కదపకుండా ఏడ్చింది. నా పక్కనున్న ఇంజనీరు కళ్ళు తుడుచుకున్నాడు.  ఆఖరి రీలు వచ్చేసరికి ఆవిడ చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి స్టాండుకి తగిలించింది.

ప్రొడక్షన్ మేనేజరు లోపలికి వచ్చాడు. "ఏంటమ్మా సుగుణా, ఏమైంది? రేపు మిక్సింగ్ పెట్టుకున్నాం."

"గొంతు పట్టింది సార్."

"ఇప్పటిదాకా బాగానే ఉంది కదా?"

"ఓచరు మీద పూర్తి పైసలు రాసి, చెక్కిస్తే ఇడుస్తది."

"హీరోలే అడగరమ్మా ఇలాంటివి."

"హీరోలకు ఇండ్లున్నయి సార్."

అతను అద్దంలోంచి నా వైపు చూశాడు. నేను తలూపాను, అదేదో నేనే చెప్పించినట్టు. గంటలో ఓచరు వచ్చింది. ఆవిడ దాన్ని రెండుసార్లు చదివి, బుట్టలో పెట్టుకుని, ఆ రీలు ఒక్క టేకులో చెప్పేసింది. తర్వాత రోజుల్లో టీడీఎస్ కోత వచ్చాక, ఆ సర్టిఫికెట్టు కూడా అలాగే ఆఖరి రీలు ముందు తీసుకునేది. నా పార్టీలందరికీ అదే నేర్పాను. కొత్తవాళ్ళూ, మీరూ నేర్పండి. కాగితం అడగడానికి ఒక సమయం ఉంటుంది, అది మీ పని వాళ్ళకి ఇంకా అవసరంగా ఉన్న సమయం. అది దాటాక చట్టం మీ వైపు ఉన్నా మనిషి దొరకడు.

అందరూ నన్ను మెచ్చుకున్నారు, మంచి ఉపాయం చెప్పారని. ఇది సుగుణమ్మ ఉపాయమని నేను ఒక్కరికీ చెప్పలేదు.

నాలుగేళ్ళకి ఆవిడకి లోను వచ్చింది, అడిగినంతా వచ్చింది. కానీ అప్పటికి ధరలు ఎక్కడికో వెళ్ళాయి. మధురానగర్‌లో రెండు గదులొచ్చే డబ్బుకి యూసుఫ్‌గూడ సందులో ఒక గది ఫ్లాటు వచ్చింది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఆ నాలుగేళ్ళలో రెండు అద్దె ఇళ్ళు మారింది. గృహప్రవేశానికి వేణుగోపాల్ కూడా వచ్చి, మూడంతస్తులూ ఎక్కి, ఆయాసపడుతూ నా పక్కనే కూర్చుని భోంచేశాడు. వాడి కారు సందులో పట్టక మెయిన్ రోడ్డు మీద పెట్టి నడిచొచ్చాడని తెలిసి నాకు కొంచెం సంతోషం వేసింది.

రెండు ఫైళ్ళు

రిటైరై గది ఖాళీ చేస్తూ పాత ఫైళ్ళు చింపుతున్నాను. ఒక అట్టపెట్టెలో నా సొంత రిటర్నులు, సుగుణమ్మ మొదటి మూడు రిటర్నులు ఒకదాని కింద ఒకటి దొరికాయి. చింపేముందు ఒకసారి చూద్దామని పక్కపక్కన పరిచాను.

మొదటి ఏడాది నా ఆదాయం నలభై ఎనిమిది వేలు. ఆవిడకి నేను రాసింది నలభై ఆరున్నర. రెండో ఏడాది నాది యాభై ఒకటి, ఆవిడది నలభై తొమ్మిది. మూడో ఏడాది నాది యాభై నాలుగు, ఆవిడది యాభై రెండు.

కుర్చీలు కూడా అమ్మేశాం, అందుకని నేల మీదే కూర్చున్నాను. ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్న కథ వేరు. వేణుగోపాల్ మీద కుళ్ళుతో చేశాను, వాడి అంకె మీద గెలవాలని చేశాను అనుకున్నాను. వాడి మీదే అయితే ఆవిడకి నలభై రాసినా, అరవై రాసినా సరిపోయేది. మూడుసార్లూ నా కంటే కొంచెమే కింద ఎందుకు నిలబెట్టాను? పదో తరగతి తప్పిన ఆటోవాడి భార్య, ఏడ్చి డబ్బు సంపాదించే మనిషి, నోట్సులు రాసి రాసి చెయ్యి అరిగిపోయిన నాకన్నా ఒకటిన్నర రెట్లు తెచ్చుకుంటోందని ఆ స్కూలు నోటుపుస్తకం చెప్పింది. నా చెయ్యి దాన్ని ఒప్పుకోలేదు. ఆవిడని నా కిందకి దించి, అప్పుడు సంతకం పెట్టించింది.

రెండు ఫైళ్ళూ సంచిలో పెట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాను. మూడో అంతస్తు ఎక్కేసరికి లోపల్నుంచి ఏడుపు వినిపిస్తోంది, గుండెలు బాదుకునేంత ఏడుపు. ఎదురింటావిడ గుమ్మంలో బియ్యం ఏరుకుంటూ తల కూడా ఎత్తలేదు. "కూసోరి, ఇంక జరసేపట్ల అయిపోతది" అని పీట జరిపింది. ఏడుపు ఆగేదాకా కూర్చుని, తర్వాత తలుపు కొట్టాను.

సుగుణమ్మ జుట్టు నెరిసింది. ఫైళ్ళు రెండూ ఆవిడ ముందు పరిచి, వేలు పెట్టి మూడేళ్ళూ చూపించి, ఉన్నది ఉన్నట్టు చెప్పి క్షమించమన్నాను. మధ్యలో ఆపకుండా చెప్పాను. ఆవిడ మొత్తం విన్నది.

"గీ అంకెల సంగతి తెల్వదు గని, మీ సంగతి నాకు గప్పుడే తెల్సు సారూ" అంది.

"ఎలా తెలుసు?"

"పెదిమెలు జూసి మాట కలిపేదే గద మా పని. నా బుక్కుల లెక్క గూడంగ మీ మొఖం జూసిన. తొంభై రెండు అన్నప్పుడు మీ పెదిమెలు గిట్ల బిగుసుకున్నయి." చేసి చూపించింది. అది సరిగ్గా నా మొహమే.

"తెలిసి ఎందుకు ఊరుకున్నావమ్మా?"

"పన్ను తక్కువైతదన్నరు. నాకు ఆశ అయింది. వేణుగోపాల్ సారు జెప్పింది ఇంట్ల అందరికి చేదుగ ఉండె, మీరు జెప్పింది తియ్యగ ఉండె. తప్పు మీదొక్కరిదే ఎట్లయితది?" కాగితం దగ్గరికి తీసుకుని కళ్ళజోడు సర్దుకుంది. "గీ యాభై నాలుగు మీదేనా సారూ? ఏడాది మొత్తానికి?"

"నాదే."

"ఏం దాయకుండనా?"

"ఏం దాయకుండానే."

ఆవిడ కాసేపు ఆ అంకె వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. ఆ చూపులో వెక్కిరింత ఏమీ లేదు, నిజంగా జాలిపడింది.

"గంతేనా సారూ?" అంది.

అంతా ఒప్పుకుని, తేలికపడి, క్షమాపణ కూడా చెప్పుకున్న మనిషిని. ఆ ఒక్క మాటకి నాకు కడుపులో మళ్ళీ చిన్నగా మండింది.